టామ్ ఓర్చుకున్నాడు సరే, ఎవరి కోసం ఓర్చుకున్నాడు?

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. మా తాతల కాలం నుంచీ బాప్టిస్టులం. ఇప్పుడు హైదరాబాద్‌లో ఎం.ఏ. ఇంగ్లీష్ చదువుతున్నాను. అమెరికాలో నల్ల బానిసల మీద వచ్చిన 'అంకుల్ టామ్స్ క్యాబిన్' నవల మాకు సిలబస్‌లో ఉంది. చివర్లో టామ్ చనిపోతుంటే చాలాసేపు ఏడ్చాను. మా రూమ్మేట్ అంబేడ్కర్‌ని బాగా చదివిన అమ్మాయి. "కొట్టి చంపేవాణ్ని క్షమిస్తూ చచ్చిపోయే బానిసని చూసి ఏడుస్తున్నావంటే, మతం నీమీద ఎంత పని చేసిందో చూసుకో" అంది. "ఆ యజమానులు కూడా నీ బైబిలే చదివారు కదా" అని కూడా అంది. నాకు జవాబు దొరకలేదు. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు ఈ కథ మా సంఘంలో చెప్పాను. ఒక పెద్దాయన దాన్ని పట్టుకుని యూత్ మీటింగ్‌లో టామ్‌ని సహనానికి ఉదాహరణగా చెప్పారు. అంతటితో ఆగలేదు, భర్త కొడుతున్నాడని ప్రార్థన కోసం వచ్చిన ఒక అక్కతో "టామ్‌లాగా ఓర్చుకో తల్లీ" అన్నారు. నాకు లోపల ఏదో ఒప్పుకోలేదు, కానీ నోరు తెరవలేకపోయాను. వచ్చే నెల అదే మీటింగ్‌లో ఈ నవల గురించి నన్నే మాట్లాడమంటున్నారు. టామ్‌ది విశ్వాసమా, బానిసత్వమా? ఒకే బైబిల్ ఇద్దరి చేతుల్లోనూ ఉంటే నేను దేన్ని నమ్మాలి? టెన్షన్‌గా ఉంది. (పేరు వేయవద్దు)

జవాబు: అమ్మా, మీ రూమ్మేట్, మీ సంఘ పెద్ద ఒకరికొకరు పూర్తి వ్యతిరేకంగా మాట్లాడుతున్నట్టు మీకు అనిపిస్తోంది గానీ, ఇద్దరి మనసులో ఉన్నది ఒకే టామ్. తల వంచుకుని, చేతులు కట్టుకుని, ఏం చేసినా పడి ఉండే ముసలి టామ్. ఆ అమ్మాయి అతన్ని చూసి కోప్పడుతోంది, ఆ పెద్దాయన మెచ్చుకుంటున్నారు, అంతే తేడా. కానీ ఆ మనిషి మీరు చదివిన నవల్లో లేడు. అతన్ని చాలావరకు తయారు చేసింది నాటకాలవాళ్ళు. హారియట్ బీచర్ స్టోవ్ ఈ కథని 1851 జూన్ నుంచి వాషింగ్టన్‌లోని ఒక బానిసత్వ వ్యతిరేక వారపత్రికలో సీరియల్‌గా రాసింది, 1852 మార్చిలో పుస్తకంగా వచ్చింది, మొదటి ఏడాదిలోనే అమెరికాలో 3 లక్షల కాపీలు అమ్ముడైంది. వెంటనే నాటక కంపెనీలు దాన్ని పట్టుకున్నాయి. రచయిత్రి అనుమతితో పని లేకుండా, ఎవరికి తోచినట్టు వాళ్ళు మార్చుకుంటూ, మొహానికి నల్లరంగు పూసుకున్న తెల్లనటులతో కొన్ని దశాబ్దాలపాటు ఊరూరా ఆడించారు. నెరిసిన జుట్టు, వంగిన నడుము, యజమాని అంటే ప్రాణం ఇచ్చే బంటు, ఇదంతా ఆ స్టేజీ మీద పుట్టింది. నల్లవాళ్ళలో 'అంకుల్ టామ్' అన్న మాట పెద్ద తిట్టు అయిపోవడానికి నవలకంటే ఆ నాటకాల పాత్రే ఎక్కువ. నవల నాలుగో అధ్యాయం మళ్ళీ తీసి చూడండి. టామ్ విశాలమైన ఛాతీ ఉన్న దృఢమైన మనిషి. ఇంట్లో ఇంకా నడక కూడా సరిగా రాని పాప ఉంది.

ఇంకో విషయం, టామ్ ఏం మాట్లాడాడు, ఎంత ప్రార్థించాడు అన్నది పక్కన పెట్టి, ఏం చేశాడు అన్నది మాత్రం వరసగా చూసుకుంటూ రండి. నాకు ఈ నవల అర్థమైంది అలా చూసినప్పుడే.

కెంటకీలో షెల్బీ అనే యజమాని అప్పుల్లో పడి టామ్‌ని, ఇలైజా కొడుకు చిన్నవాడు హ్యారీని వ్యాపారికి అమ్మేస్తాడు. ఆ రాత్రి ఇలైజా బిడ్డని ఎత్తుకుని పారిపోతూ టామ్ గుడిసె తలుపు కొడుతుంది. టామ్ భార్య క్లోయీ నువ్వు కూడా వెళ్ళిపో అంటుంది. ఆ క్షణంలో టామ్ రెండు మాటలంటాడు. ఒకటి, ఇలైజా వెళ్ళాలి, అది ఆమె హక్కు, వద్దనడానికి నేనెవర్ని అని. రెండోది, నన్నయినా అమ్మాలి లేదా ఇక్కడున్న వాళ్ళందర్నీ అయినా అమ్మాలి అన్నప్పుడు, నన్నే అమ్మనీ అని. పారిపోవడం పాపమని అతను ఇలైజాకి చెప్పలేదు, దేవుడు నిన్ను బానిసగా ఉండమన్నాడని చెప్పలేదు. తను ఉండిపోయింది తన వెనకున్న మనుషుల కోసం. యజమాని నమ్మకాన్ని ఎన్నడూ వమ్ము చేయలేదన్న మాట కూడా అంటాడు, నిజమే, దాన్ని దాచనక్కర్లేదు. కానీ దాని పక్కనే ఈ లెక్క కూడా ఉంది, దీన్ని వదిలేసి సహనం ఒక్కదాన్నే చెప్తే కథని సగానికి కోసినట్టే.

తర్వాత న్యూ ఆర్లియన్స్‌లో సెయింట్ క్లేర్ అనే కొత్త యజమాని ఇంట్లో. అక్కడ టామ్‌కి మంచి బట్టలు, మంచి తిండి, కొట్టేవాళ్ళు లేరు. నిన్ను విడుదల చేస్తాను అని సెయింట్ క్లేర్ అనగానే టామ్ మొహం ఎలా వెలిగిపోయిందో స్టోవ్ రాసింది. ఆ వెలుగు చూసి యజమాని కాస్త నొచ్చుకుంటాడు, ఇక్కడ నీకేం లోటు అంటాడు. టామ్ జవాబు సూటిగా ఉంటుంది: చిరుగు బట్టలైనా, పాడుబడ్డ ఇల్లయినా నాదయితే చాలు, ఇంకొకరి సొత్తుగా ఉంటూ అన్నిటికంటే మంచివి ఉన్నా నాకొద్దు. తన బతుకుతో తృప్తిపడి ఉన్న బానిస ఈ మాట అనడు కదా.

ఇక రెడ్ రివర్ పక్కన లెగ్రీ అనే యజమాని పత్తి తోట. మీరు ఏడ్చింది ఇక్కడే అనుకుంటాను. అక్కడికి వెళ్ళిన కొత్తల్లోనే ఒంట్లో బాగాలేని లూసీ అనే ఆడమనిషి సంచిలో టామ్ తన పత్తి తీసి వేస్తాడు, తూకం తక్కువైతే ఆమెని కొడతారని. లెగ్రీ అతన్ని మేస్త్రీలాంటి పనికి తయారు చేద్దామనుకుని, అదే మనిషిని కొరడాతో కొట్టమంటాడు. టామ్ కొట్టను అంటాడు. పన్నెండు వందల డాలర్లు పోసి నిన్ను ఒళ్ళూ ప్రాణం కొనుక్కోలేదా అని లెగ్రీ అరిస్తే, నా ఆత్మ నీది కాదు, నువ్వు కొనలేదు, కొనలేవు అంటాడు. రక్తం వచ్చేలా కొట్టించుకుంటాడు గానీ చెయ్యి ఎత్తడు. చివరికి క్యాసీ, ఎమ్మలీన్ అనే ఇద్దరు ఆడవాళ్ళు తప్పించుకుని అటకమీద దాక్కున్నప్పుడు, వాళ్ళ సంగతి టామ్‌కి తెలుసు. అసలు రక్తపాతం లేకుండా వెళ్ళగలిగితే వెళ్ళిపొమ్మని క్యాసీకి చెప్పిందే అతను. లెగ్రీ వచ్చి, చెప్తావా చస్తావా అంటాడు. నాకు తెలుసు, కానీ చెప్పను, చావగలను అంటాడు టామ్. ఆ మాటకే అతన్ని చంపారు.

మీ సంఘ పెద్దకి ఈ ఒక్క విషయం తెలిస్తే చాలు. టామ్ చనిపోయింది ఓర్చుకున్నందుకు కాదు, ఇద్దరు ఆడవాళ్ళని కొట్టేవాడి చేతికి అప్పగించనన్నందుకు. తన ఒంటిమీద పడే దెబ్బ గురించి ఒక తీర్మానానికి వచ్చాడు, ఇంకొకరి ఒంటిమీద పడే దెబ్బ గురించి వేరే తీర్మానానికి వచ్చాడు, ఈ రెండింటినీ అతను ఒక్కసారి కూడా కలపలేదు. లెగ్రీని క్షమించాడు, నిజమే, కానీ లెగ్రీ అడిగింది మాత్రం ఇవ్వలేదు. దెబ్బలు తిని వచ్చిన ఆడమనిషితో తిరిగి వెళ్ళి ఓర్చుకో అనేవాళ్ళు ఈ కథలో టామ్ వైపు లేరు. ఆవిణ్ని మళ్ళీ అదే చేతుల్లోకి పంపిస్తున్నారు, అది టామ్ ప్రాణం పోయినా చేయని పని. ఆ పెద్దాయన చెడ్డమనిషని నేను అనడం లేదు. మంచి ఉద్దేశంతోనే అని ఉంటారు. కానీ ఈ నవల్లో ఎక్కువ నష్టం చేసేది మంచి ఉద్దేశాలున్నవాళ్ళే, దాని గురించి కాసేపట్లో చెప్తాను.

ముందు బైబిల్ సంగతి. మీ రూమ్మేట్ అన్నది ముమ్మాటికీ నిజం. యజమానులూ అదే చదివారు. స్టోవ్‌కి ఈ విషయం తెలియక కాదు, ఆమె దాన్నే నవల మధ్యలో కూర్చోబెట్టింది. మొదటి అధ్యాయంలోనే షెల్బీ వ్యాపారి హేలీ ముందు టామ్ గుణాలు చెప్తూ, వీడు నిజమైన క్రైస్తవుడు, ఒంటరిగా సిన్సినాటి పంపిస్తే 500 డాలర్లు పట్టుకుని తిరిగొచ్చాడు అంటాడు. సిన్సినాటి ఒహాయో నది అవతలి ఒడ్డు, అక్కడ బానిసత్వం లేదు, కావాలనుకుంటే పారిపోవచ్చు. అంటే టామ్ విశ్వాసాన్ని బేరంలో ధర పెంచడానికి వాడుకుంటున్నారు. హేలీ కూడా ఒప్పుకుంటాడు, సరుకు అసలైనదైతే మతం విలువైనదే అని. నాకు ఈ నవల్లో కొరడా దెబ్బలకంటే ఎక్కువ కడుపు తిప్పేది ఈ సంభాషణే. ఇంకొంచెం ముందుకెళ్తే పడవ మీద ఒక పాస్టరు ఆదికాండములోని కనాను శాపం చెప్పి, నల్లవాళ్ళు సేవకులుగా ఉండాలన్నది దైవ సంకల్పం అంటాడు. ఇంకో యువకుడు వెంటనే, మనుషులు మీకేం చేయాలని మీరు కోరుకుంటారో మీరూ వాళ్ళకి అదే చేయండి అన్న మాట కూడా లేఖనమే కదా అంటాడు. కింద అదే పడవలో హేలీ సంకెళ్ళు వేసి తీసుకెళ్తున్న మనుషులున్నారు. సెయింట్ క్లేర్ అయితే ఇంకా సూటిగా చెప్తాడు: రేపు పత్తి ధర శాశ్వతంగా పడిపోయి బానిసలని కొనేవాడు లేకుండా పోతే, మన చర్చిల్లో లేఖనానికి వేరే అర్థం చెప్పడం మొదలెట్టరా అని.

ఇది కథ కాదు, ఫ్రెడరిక్ డగ్లస్ జీవితంలో జరిగింది. ఆయన బానిసగా పుట్టి తప్పించుకున్న మనిషి, 1845లో తన ఆత్మకథ వేశాడు. ఆయన యజమాని థామస్ ఆల్డ్ 1832లో ఒక మెథడిస్టు కూడికలో మారుమనస్సు పొందాడు. ఇక కాస్త దయ చూపిస్తాడేమో అని డగ్లస్ ఆశపడ్డాడు. దయ రాలేదు, క్రూరత్వానికి వాక్యం తోడైంది. కాలిన చేతులతో పని చేయలేని ఒక ఆడపిల్లని కట్టేసి కొడుతూ, యజమాని చిత్తం తెలిసి చేయనివాడు అనేక దెబ్బలు తింటాడు అన్న లూకా సువార్త మాట చెప్పేవాడట. అదే పుస్తకం చివర్లో డగ్లస్ ఒక అనుబంధం రాశాడు. నేను మతానికి శత్రువునని అనుకోకండి, ఈ దేశపు క్రైస్తవం వేరు, క్రీస్తు క్రైస్తవం వేరు, రెండోదాన్ని ప్రేమిస్తాను కాబట్టే మొదటిదాన్ని అసహ్యించుకుంటాను అని దాని సారం. మీ ప్రశ్నకి ఈ అనుబంధం కంటే మంచి జవాబు నేను రాయలేను. తప్పకుండా చదవండి.

వచనాలు రెండువైపులా ఉన్నాయి, అది కూడా దాచకుండా చూడాలి. దాసులారా యజమానులకు లోబడండి అని ఎఫెసీయుల పత్రికలో ఉంది. దాసుడైన ఒనేసిముని అతని యజమాని ఫిలేమోను దగ్గరికి పౌలు తిరిగి పంపాడు కదా అని దక్షిణాది పాస్టర్లు తెగ వాడారు. మరోపక్క నిర్గమకాండము 21లో మనిషిని దొంగిలించి అమ్మేవాడికి మరణశిక్ష అని ఉంది. ద్వితీయోపదేశకాండము 23లో యజమాని దగ్గర నుంచి తప్పించుకొచ్చిన దాసుణ్ని తిరిగి అప్పగించకూడదని స్పష్టంగా ఉంది. కాబట్టి పుస్తకం ఏం చెప్పిందో అన్నదాని దగ్గర వాదన తెగదు. ఏ వచనం పట్టుకుని మిగతావాటిని చదువుతున్నాం, అలా చదివితే ఎవరికి లాభం, ఎవరి ఒంటికి దెబ్బ, అది అడగాలి. నవల్లో సెనేటర్ బర్డ్ భార్య మేరీ చేసింది ఇదే. నాకు రాజకీయాలు తెలియవు గానీ బైబిల్ చదవడం వచ్చు, ఆకలిగొన్నవాళ్ళకి అన్నం పెట్టమని, బట్టలు లేనివాళ్ళకి బట్టలివ్వమని, దిక్కులేనివాళ్ళని ఓదార్చమని అందులో ఉంది, నేను దాన్నే పాటిస్తాను అంటుంది భర్తతో.

మీరు ఒంగోలు బాప్టిస్టులు అన్నారు కాబట్టి ఒక చరిత్ర చెప్పాలి, ఇది మీ మీటింగ్‌లో చాలామందికి కొత్తగా ఉండొచ్చు. 1844లో అలబామా బాప్టిస్టులు బోస్టన్‌లోని మిషనరీ బోర్డుని, బానిసలున్న మనిషిని మిషనరీగా పంపిస్తారా లేదా అని నిలదీశారు. ఆ బోర్డు అప్పటిదాకా ఎటూ తేల్చకుండా నెట్టుకొస్తోంది, అది గొప్పగా చెప్పుకునే విషయం కాదు. కానీ నిలదీసినప్పుడు మాత్రం, బానిసలని తన ఆస్తిగా ఉంచుకుంటానని పట్టుబట్టేవాణ్ని మేం నియమించలేం అని జవాబిచ్చింది. దాంతో దక్షిణాదివాళ్ళు విడిపోయి 1845 మేలో జార్జియాలోని అగస్టాలో సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ పెట్టుకున్నారు. ఆ సంస్థ బానిసత్వాన్ని సమర్థించినందుకు క్షమాపణ చెప్పింది 1995లో, నూటయాభై ఏళ్ళకి. మెథడిస్టులు అంతకు ముందే 1844లో చీలిపోయారు. ఇప్పుడు మీ ఊరికి రండి. మిషనరీ జాన్ క్లౌ దొరని ఒంగోలు పంపించింది ఆ బోస్టన్ సంస్థే. 1878 జూలైలో, కరువు కాలంలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు, వాళ్ళలో అత్యధికులు మాదిగలు. మీ తాతముత్తాతలు అందులో ఉన్నారో లేదో నాకు తెలియదు గానీ, మీ సంఘం ఏ కొమ్మ నుంచి వచ్చిందో ఆ కొమ్మ మనిషిని సొత్తుగా చూడటం దగ్గర, ఆలస్యంగానైనా, ఒక చోట ఆగి కుదరదని చెప్పింది. వెట్టి అంటే ఏమిటో ఒంటితో తెలిసినవాళ్ళు ఆ సంఘంలో చేరారు. అలాంటి సంఘంలో టామ్ కథ సహనానికి పాఠంగా మిగిలిపోకూడదు.

మంచి ఉద్దేశాలున్నవాళ్ళ గురించి చెప్తానన్నాను. ఈ నవల్లో అంతరాత్మ గురించిన అసలు కథ లెగ్రీది కాదు. అతనికి అంతరాత్మ మిగల్లేదు, ఉన్న కాస్తనీ తాగి అణచుకుంటాడు. షెల్బీ మంచివాడు, టామ్‌కి స్వేచ్ఛ ఇస్తానని ఎన్నోసార్లు మాటిచ్చాడు, అప్పు రాగానే అమ్మేశాడు. అతని భార్య ఎమిలీ ఇంకా మంచిది, పనివాళ్ళకి ప్రార్థనలు నేర్పింది, కుటుంబం అంటే ఏమిటో నేర్పింది. తీరా భర్త అమ్మకం సంగతి చెప్పిన రోజు, ఇంత విషపు వ్యవస్థలో ఉంటూ దీన్ని మంచిగా మార్చగలనని అనుకోవడం నా మూర్ఖత్వం అంటుంది. సెయింట్ క్లేర్ అయితే బానిసత్వం తప్పని అందరికంటే బాగా మాట్లాడతాడు. టామ్ విడుదల కాగితాలు మొదలెట్టాడు కూడా. పూర్తి చేయకముందే ఒక కాఫీ హౌస్‌లో ఇద్దరి గొడవ ఆపబోయి కత్తిపోటుకి చనిపోతాడు, మరీ అనే అతని భార్య టామ్‌ని వేలానికి పంపేస్తుంది, అక్కణ్ణుంచే లెగ్రీ చేతిలో పడతాడు. దీనికి కొంచెం ముందు ఒక చిన్న సన్నివేశం ఉంది, చాలామంది గమనించరు. వెర్మాంట్ నుంచి వచ్చిన బంధువు ఒఫీలియా, టాప్సీ అనే బానిస పిల్లని తన పేరున రాసివ్వమని సెయింట్ క్లేర్‌ని అడుగుతుంది. తీరిగ్గా చేద్దాంలే అంటాడు. కాదు ఇప్పుడే, ఇక్కడే, మీరు చచ్చిపోవచ్చు, దివాలా తీయొచ్చు అని పేపరు కలం ముందు పెట్టి సంతకం పెట్టించుకుంటుంది. ఒఫీలియాకి మొదట్లో ఆ పిల్లని ముట్టుకోవాలంటేనే ఒళ్ళు జలదరించేది, ఆమె ఏం పెద్ద పుణ్యాత్మురాలు కాదు. కానీ ఆ సంతకం వల్ల టాప్సీ బతికి బయటపడింది. టామ్ కాగితం మీద సంతకం పడలేదు.

సెనేటర్ బర్డ్ దీనికి ఇంకో వైపు. 1850 సెప్టెంబర్‌లో అమెరికా కాంగ్రెస్ పారిపోయిన బానిసల చట్టం చేసింది. పారిపోయినవాళ్ళకి చోటిచ్చినా, అన్నం పెట్టి దాచినా వెయ్యి డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. పట్టుబడిన మనిషికి తన తరఫున సాక్ష్యం చెప్పుకునే వీలు లేదు. విచారించే కమిషనరు ఆ మనిషిని బానిస అని తేలిస్తే 10 డాలర్ల ఫీజు, కాదని వదిలేస్తే 5 డాలర్లు. ఇలాంటి చట్టానికి మద్దతుగా ఓటేసి అలసిపోయి ఇంటికొచ్చిన సెనేటర్ వంటింట్లో, ఒహాయో నదిలో మంచుగడ్డల మీద దూకుతూ పాదాలు కోసుకుపోయిన ఇలైజా స్పృహ తప్పి పడి ఉంటుంది. రాత్రంతా బురద రోడ్ల మీద బండిలో తనే ఆమెని దాటించేస్తాడు. అప్పటిదాకా పారిపోయిన బానిస అంటే అతనికి పేపర్లో అక్షరాలు, మహా అయితే మూట కర్ర ఉన్న ఒక చిన్న బొమ్మ. మేరీ ఈ మధ్యే చనిపోయిన తన కొడుకు బట్టలు అలమరలోంచి తీసి హ్యారీకి ఇస్తుంది. ఇది స్టోవ్ ఊహించి రాసింది కాదనిపిస్తుంది నాకు. 1849లో సిన్సినాటిలో కలరా వచ్చి ఆమె పద్దెనిమిది నెలల కొడుకు చార్లీ చనిపోయాడు. బిడ్డని లాక్కుపోతే బానిస తల్లికి ఎలా ఉంటుందో ఆ మంచం పక్కనే నాకు తెలిసింది అని ఆమె తర్వాత ఒక ఉత్తరంలో రాసుకుంది.

ఇక మీ రూమ్మేట్ వైపు వాదనలో బలం ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకండి. క్షమించే బరువంతా నల్లవాడి మీదే పడింది ఈ నవల్లో. నల్లవాళ్ళు స్వభావరీత్యా మెత్తనివాళ్ళు, విధేయులు అన్నట్టు స్టోవ్ మాట్లాడుతుంది, అది ఆ కాలపు జాతి భ్రమే, సానుభూతితో చెప్పినా తప్పే. ఎదురుతిరిగే జార్జ్ హారిస్, అతని భార్య ఇలైజా లేత రంగువాళ్ళు, ఓర్చుకునే టామ్ నల్లని నలుపు, ఇది కూడా చాలామంది విమర్శకులు ఎత్తిచూపారు. చివర్లో జార్జ్ కుటుంబాన్ని ఆఫ్రికాలోని లైబీరియా పంపించేసింది. మేం పుట్టిన దేశంలో మాకు చోటు లేదా అని ఆ కాలపు నల్లజాతి నాయకులే కోప్పడ్డారు. మార్టిన్ డెలానీ గట్టిగా విమర్శించాడు, డగ్లస్ ఆమెని సమర్థించాడు, 1853లో ఇద్దరి మధ్య బహిరంగంగా ఉత్తరాలు నడిచాయి. దాదాపు వందేళ్ళకి, 1949లో, నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ రాసిన వ్యాసం ఇంకా కఠినమైనది, ఈ కన్నీళ్ళలో నిజాయితీ లేదంటాడు. ఆ వ్యాసం మీరిద్దరూ కలిసి చదవండి. నేను బాల్డ్విన్‌తో పూర్తిగా ఏకీభవించను, ఎందుకంటే ఆ కన్నీళ్ళు చట్టాన్ని ధిక్కరించే ధైర్యం కొందరికైనా ఇచ్చాయి. అయినా చదవాలి.

కానీ ఆమెకి ఒకటి గుర్తు చేయండి. నవల్లో టామ్ ఒక్కడే మాట్లాడడు. నేను నీలా క్రైస్తవుణ్ని కాను ఇలైజా, నా గుండె నిండా చేదే, దేవుడు ఇవన్నీ ఎందుకు జరగనిస్తున్నాడు అని జార్జ్ మూడో అధ్యాయంలోనే అడుగుతాడు. ఆ తర్వాత పిస్తోలు పట్టుకుని వెంటాడేవాళ్ళని ఎదిరిస్తాడు, స్టోవ్ అతన్ని తప్పుపట్టదు, హంగరీ యువకుడు ఆస్ట్రియా మీద ఇలాగే పోరాడితే మీరు వీరుడంటారు కదా అని పాఠకుల్నే అడుగుతుంది. క్యాసీ తన పసిబిడ్డకి మందు పట్టించి చంపుకుంది, వాడు బానిసగా పెరగకూడదని. దేవుడి మాట ఎత్తితే ఆమె మండిపడుతుంది, ఆ మంటని స్టోవ్ ఆర్పే ప్రయత్నం చేయకుండా పేజీలకి పేజీలు మాట్లాడనిచ్చింది. మీ స్నేహితురాలి గొంతు ఈ పుస్తకంలో ముందే ఉందన్నమాట. ఇంకో సంగతి కూడా ఆమెకి నచ్చొచ్చు: జోతిరావు ఫూలే 1873లో తన 'గులాంగిరి'ని బానిసత్వాన్ని నిర్మూలించడానికి త్యాగాలు చేసిన అమెరికా ప్రజలకే అంకితమిచ్చాడు. అక్కడి పోరాటాన్ని ఇక్కడి శూద్రాతిశూద్రుల కోసం చదువుకున్న మొదటివాళ్ళలో ఆయనొకడు.

ఒకే బైబిల్ ఇద్దరి చేతుల్లో ఉంటే దేన్ని నమ్మాలి అన్నారు. నేను మీకు విశ్వాసం నేర్పేవాణ్ని కాను, నాకు మీకున్నంత విశ్వాసమూ లేదు. కానీ ఈ నవల చదివాక ఒకటి మాత్రం నమ్మకంగా చెప్పగలను. నీ విశ్వాసం నిన్ను ఏం భరించమంది అన్నదాన్ని బట్టి ఏమీ తేలదు, భరించమని లెగ్రీ కూడా చెప్తాడు. అది నిన్ను ఏ పని చేయనివ్వలేదు, ఎవర్ని అప్పగించనివ్వలేదు, ఎవరి కోసం తలుపు తీయించింది, అక్కడ చూస్తే టామ్ నమ్మిందీ, పడవ మీద కనాను శాపం చదివిన పాస్టరు నమ్మిందీ ఒకటి కావని ఎవరికైనా కనబడుతుంది. మీరు ఏడ్చినందుకు సిగ్గుపడకండి.

మీటింగ్ సంగతి. టామ్ చావుతో మొదలెట్టకండి, అందరూ కళ్ళు తుడుచుకుని ఇంటికెళ్ళిపోతారు. తొమ్మిదో అధ్యాయం, సెనేటర్ ఇంటి సన్నివేశం, తెలుగులో మీ మాటల్లో చెప్పండి, ద్వితీయోపదేశకాండము 23:15 అందరిచేత చదివించండి. తర్వాత లెగ్రీ అడిగిన ప్రశ్నకి టామ్ ఎందుకు జవాబు చెప్పలేదో పిల్లల్నే అడగండి, మీరు చెప్పొద్దు. మేరీల్యాండ్‌లో శామ్యూల్ గ్రీన్ అనే నల్లజాతి బోధకుడు ఉండేవాడు, బానిసత్వం నుంచి విడుదలైన మనిషి. పారిపోయేవాళ్ళకి సాయం చేస్తున్నాడన్న అనుమానంతో ఇల్లు సోదా చేస్తే ఈ నవల దొరికింది. దాన్ని దగ్గర పెట్టుకున్నందుకు 1857లో పదేళ్ళ జైలుశిక్ష వేశారు, 1862లో గానీ బయటికి రాలేదు. సహనం నేర్పే పుస్తకమే అయితే ఎవరైనా అంత భయపడతారా అని అడగండి. పెద్దాయన్ని అందరిముందూ తప్పుపట్టకండి, మీటింగ్‌కి ముందు ఇంటికి వెళ్ళి, అయ్యగారూ ఈ భాగం ఒకసారి నాతో కలిసి చదవండి అని అడగండి, వింటారనే నాకు అనిపిస్తోంది.

ఇవన్నీ వచ్చే నెల సంగతి. ఆ అక్కకి మాత్రం ఈరోజే ఫోన్ చేయండి. ఓర్చుకోమని మీరు చెప్పడం లేదని ఆవిడ మీ నోటితో వినాలి. మహిళల హెల్ప్‌లైన్ నంబర్ 181, ఏ టైములోనైనా చేయొచ్చు, ఆవిడ చేయలేకపోతే ఆవిడ తరఫున మీరు చేయొచ్చు. 2005 గృహహింస చట్టం కింద ఇంట్లో ఉండే హక్కు, రక్షణ ఉత్తర్వు రెండూ అడగవచ్చు, దానికి ప్రొటెక్షన్ ఆఫీసర్ ఉంటారు. ఒక్కరోజు ఉండటానికి చోటు కావాలంటే మీ ఇంట్లో అమ్మతో మాట్లాడి ముందే సిద్ధం చేసి పెట్టండి. ఎక్కడుందని ఆవిడ భర్త వచ్చి అడిగితే ఏం చెప్పకూడదో ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి.